నీ మంచికే చెబుతున్నా!

పల్నాడులో కత్తులకి భయపడని మనిషి కూడా ఒక్క మాటకి భయపడతాడు. "నీ మంచికే చెబుతున్నా" అని ఎవరైనా గొంతు సవరించుకున్నారా, ఈపూరు సెంటర్లో ఎంతటివాడైనా చెప్పులు వెతుక్కుంటాడు.

పదో తరగతి కుర్రాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయనుకోండి. ఏ లెక్క తప్పింది, ఎక్కడ తప్పింది అని అడిగే నాథుడుండడు. పెదనాన్న, మేనమామ, పాలు పోయించుకోవడానికొచ్చిన పక్కింటాయన వరసగా కూర్చుని, "వాళ్ళ పిల్లాణ్ణి చూసి సిగ్గు తెచ్చుకోరా" అంటారు. దీనికి ఈమధ్య సద్విమర్శ అని పేరు పెట్టారు. పాపం, వాడు సిగ్గు తెచ్చుకున్నాడు. లెక్క మాత్రం రాలేదు.

ముందు పొగుడు, మధ్యలో తప్పు చెప్పు, చివర మళ్ళీ పొగుడు అంటారు వ్యక్తిత్వ వికాసం పాఠాలు చెప్పేవాళ్ళు. మనవాళ్ళు ఆ సూత్రాన్ని బాగానే పట్టారు. కాకపోతే మధ్య ముక్కని టీ కొట్టు కోసం దాచుకున్నారు. వేదిక మీద శాలువా కప్పిన చేతులే, వేదిక దిగాక ఆ మనిషిని ఉతికి ఆరేస్తాయి.

తప్పు చెప్పడమంటే ఎలాగో మిరపకాయలు కొనేవాణ్ణి చూసి నేర్చుకోవాలి. టిక్కీ బస్తాలో లోపలికంటా చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒకటి విరుస్తాడు, వాసన చూస్తాడు. "రంగు బాగుంది. తేమ ఉంది, ఇంకో రెండెండలు పడాలి. అడుగున తాలు కలిసింది." రైతుకి ఒళ్ళు మండుతుంది. ధర తెగ్గోయడానికి లేని తేమ కూడా కనిపెడతారనుకోండి, అది వేరే ఏడుపు. అయినా ఏం చేయాలో తెలిసింది: కళ్ళంలో మళ్ళీ ఎండబోయాలి, తాలు ఏరాలి. గుంటూరు యార్డులో ఇప్పటిదాకా ఏ మిరపకాయనీ పక్క కాయని చూసి సిగ్గు తెచ్చుకోమనలేదు.

పొగడ్త సంగతీ అంతే. ఈపూరు పక్కనే ఉన్న వినుకొండలో 1895లో కవి గుర్రం జాషువా పుట్టాడు. పద్యం విని మెచ్చుకుని, కులం తెలిశాక లేచిపోయినవాళ్ళ సంగతి ఆయనే పద్యంలో చెప్పుకున్నాడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి మాత్రం స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. పద్యం పాళ్ళు తెలిసిన చెయ్యి కనక ఆ పొగడ్తకి తూకం వచ్చింది.

ఇప్పుడు జాషువా పుట్టినరోజు, సెప్టెంబరు 28 వస్తే ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిలో కవిగారి మొహం రూపాయి బిళ్ళంత, నివాళులర్పించేవాళ్ళ మొహాలు పళ్ళేలంత. ఎవరో చిన్నపిల్ల వేదికెక్కి ఆయన 'గబ్బిలం'లో పద్యం చదువుతుంది. గొంతు బాగుంటుంది, కానీ పదాన్ని నడిమికి విరిచి ఊపిరి తీసుకుంటుంది. వేదిక నిండా ఉన్న పెద్దల్లో ఒక్కరూ "అమ్మా, ఇక్కడ ఆగకు, ఆ రెండక్షరాలు దాటాక ఆగు" అనరు. "అద్భుతం తల్లీ!" అని స్టీలు టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి, ఫొటోగ్రాఫర్ వైపు తిరుగుతారు. ఏడాది తిరిగాక ఆ పిల్ల మళ్ళీ వస్తుంది, అదే పదాన్ని అక్కడే విరుస్తుంది, ఈసారి ఇంకాస్త ధైర్యంగా.