చమురుబాకి పద్యమునకు టీకా తాత్పర్యములు

బండి యెక్కునపుడు బంధుత్వముం జెప్పి
బంకు చేరువేళ బాట పట్టు
మిత్రుఁ డడుగఁబోఁడు మెత్తనివాఁ డౌట
మీటరొకటె యెఱుఁగు మిగులు బాకి

అవతారిక: అమీరుపేట మైత్రీవనము పరిసరములందలి హాస్టళ్ళలో వసించుచు, పగలు జావా పాఠములను రాత్రి ఇంటర్వ్యూ ప్రశ్నలను వల్లించు యువజనులలో, బండి గలవానికి మిత్రుల కొఱత యుండదనుట లోకవిదితము. ఈ పద్యకర్త నామధేయము తెలియరాదు గాని, శబ్దములందు ధ్వనించు ఆవేదనను బట్టి యాతడు ముందుసీటువాడే యని నిశ్చయింపవచ్చును.

ప్రతిపదార్థము: బండి యెక్కునపుడు = అనుమతి లభింపకమునుపే వెనుకసీటు నాక్రమించు సమయమున; బంధుత్వముం జెప్పి = "మామా, జర పంజగుట్ట కాడ దింపు" అని, తల్లికి తోబుట్టువు కానివానిని మామగా జేసికొని; బంకు చేరువేళ = ముల్లు రిజర్వునకు దిగి, బండి పెట్రోలు బంకువైపు మఱలునపుడు; బాట పట్టు = నడక ఆరోగ్యమునకు మంచిదని యుపదేశించుచు కనుమరుగగును; మెత్తనివాఁ డౌట = చిల్లర కొఱకు నోరు తెఱచుటకు సిగ్గుపడువాడగుటచేత; మిగులు బాకి = వివరింప నక్కఱలేదు.

తాత్పర్యము: సుగమము.

విశేషములు: "నీ వెట్లును పోవు దారియే గదా, నా వలన నదనముగా కాలిన చమురెంత?" యని వెనుకసీటువారు చేయు పూర్వపక్షము మిగుల ప్రాచీనమైనది, వినుట కింపైనది కూడ. అమీరుపేట నుండి పంజగుట్ట కూడలికి రెండు కిలోమీటర్లకు మించదు. 2024 మార్చిలో ధర తగ్గిన పిదప సైతము హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిలుకే యుండెను. లీటరుకు 50 కిలోమీటర్ల మైలేజీ యిచ్చు బండిపై నీ ప్రయాణమునకు నాలుగు రూపాయల చిల్లర యగును. 2017 నవంబరులో మెట్రో యారంభమైననాడు కనిష్ఠ ఛార్జి 10 రూపాయలు గాన, ఆ చమురు ఖర్చులో సగపాలైన రెండు రూపాయలను అడుగువాడును ఇచ్చువాడును లోకమున నుండరు. బాకి యంతయు నీ సిగ్గుచాటుననే పెరుగుచున్నది. ఏలయన, ఆ యిరువురే నెలకు 25 దినములు హైటెక్ సిటీకి రానుపోను 20 కిలోమీటర్లు తిరిగినచో, పది లీటర్లకు 1,070 రూపాయలు, అందు సగము 535. నడుమ రెండుమార్లు ఇరానీ చాయి యిప్పించితినను వాదము చెల్లదు; ఆ చాయి నిరువురును త్రాగిరి, బండి త్రాగలేదు.

అట్లని దిగినప్పుడెల్ల చేతిలో నాణెములు పెట్టుట మఱింత యనుచితము. కిరాయికి మనుష్యుల నెక్కించుకొనుటకు పర్మిట్టు వలయునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. చట్టము మాట యటుండ, నాణెములు పుచ్చుకొన్న మిత్రుని మొగము చూడరాదు. నెలకొకమారు, ముల్లు దిగకమునుపే, "ఈసారి నేను కొట్టించెద" నని తానే బంకులో దిగి, మీటరుపై సున్న చూచి, ఫుల్ ట్యాంకు చేయించుటయే శిష్టాచారము. మిత్రుడు తనకొఱకు దారి తప్పి సందులు తిరిగినచో, ఆ తిరుగుడు చమురు పూర్తిగా తనదే. హెల్మెట్టు మాట వేఱు: ఆ చట్టమందలి 129వ సెక్షను వెనుక కూర్చున్నవానికిని వర్తించును గాని, చలానా బండి నంబరు మీదనే పడి, యజమాని ఫోనునకే సందేశము వచ్చును. బోడితల వెనుకవానిది గనుక ఇందు సగపాలు ప్రశ్న పుట్టదు.

పాఠాంతరము: రెండవ పాదమును "బంకు చేరువేళఁ బర్సు మఱచు" నని కొందఱు చదువుదురు. యతి చెల్లినను, 2016లో యూపీఐ వచ్చిన పిదప ఈ పాఠమునకు కాలదోషము పట్టినది. దీని స్థానమున "సర్వరు డౌను" అను పాఠమును ప్రతిపాదించువారు కలరు. అది యింకను పరిశీలనలో నున్నది.