నట్టనడుమ బటన్

బసంత్‌నగర్‌లో మా అక్క బిడ్డ రక్తదాతల కోసం ఒక వెబ్ పేజీ తయారుచేసింది. గోదావరిఖనిలో ఎవరికైనా ఆపరేషన్ అయినా, రాజీవ్ రహదారి మీద ప్రమాదం జరిగినా రక్తం కోసం చుట్టాలందరూ ఫోన్లు పట్టుకుని తిరగాల్సిందే. ఆ తిప్పలు తప్పించాలని ఆ పిల్ల తపన. పేజీ మొత్తానికి ఒకటే బటన్: ‘రక్తం కావాలి’. అది నొక్కితే దాతల ఫోన్లు మోగాలి.

ఆ బటన్ పేజీ ఎడమ అంచు వదిలి కదలనంటుంది. పేజీల అందచందాలు చూసుకునే సీఎస్‌ఎస్‌కు 1996లోనే తొలి ప్రమాణం వచ్చింది. అయినా ఒక వస్తువును నడిమికి తేవడం కొత్తవాళ్లను ఇప్పటికీ ఏడిపిస్తుంది. ‘మార్జిన్ ఆటో’ రాసి చూసింది. కదల్లేదు. బటన్ మామూలుగా అక్షరాలతోపాటు వరసలో కూర్చునే రకం. దాన్ని బ్లాక్‌గా మారిస్తేనే ఆ మార్జిన్ పనిచేస్తుంది. ‘టెక్స్ట్-అలైన్ సెంటర్’ అని బటన్‌కే రాసింది. ఆ ఆజ్ఞ బటన్ లోపలి అక్షరాలకే చెల్లుతుంది. బటన్ కదలాలంటే అది ఉన్న పెట్టెకు చెప్పాలి. పెట్టెకు రాయగానే అడ్డంగా నడిమికొచ్చింది కానీ, నిలువులో పైనే వేలాడుతోంది.

చివరికి పెట్టెకు ‘డిస్‌ప్లే ఫ్లెక్స్’ ఇచ్చి, ‘జస్టిఫై-కంటెంట్’, ‘అలైన్-ఐటమ్స్’ రెండింటినీ సెంటర్ చేసింది. అప్పటికీ కిందికి దిగలేదు. పెట్టె ఎత్తు బటన్ ఎత్తంతే ఉంటే దిగడానికి చోటేది? పెట్టె కనీస ఎత్తు తెరంత, అంటే 100 వీహెచ్ అని రాసింది. అంతే, బటన్ వచ్చి తెర నట్టనడుమ నిలబడింది. అప్పటికి తెల్లవారుతోంది.

పిల్ల సంబరంగా బావను లేపింది. బావ గోదావరిఖని బొగ్గు బాయిలో టబ్బులు లాగే హాలేజీ యంత్రానికి ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. దాతల జాబితాలో మొదటి నంబర్ ఆయనదే.

“బాపూ, సూడు! ఎటు కొలిచినా నడిమిట్లనే ఉన్నది.”

బావ కళ్లద్దాలు పెట్టుకుని తేరిపార చూశాడు. “మంచిగున్నది బిడ్డా” అని బటన్ నొక్కి, జేబులోంచి తన ఫోన్ తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ అది మోగలేదు. మళ్లీ నొక్కాడు.

“మోగుతలేదేంది?”

“ఇంకా దానికి పని రాయలే బాపూ. ముందుగాల నడిమికి తెద్దామని...”

బావ కళ్లద్దాలు తీశాడు.

“బాయిల సిగ్నల్ గంట ఏ మూలకున్నదో ఎవ్వలు సూడరు బిడ్డా. కింద కొడితే మీదున్న నాకు ఇనపడాలె. ఇనపడకపోతే మనిషి పోతడు.”