సావధాన్... విశ్రామ్!

ఇంట్లో ఎనిమిదైనా దుప్పటి వదలని పుత్రరత్నం ఎన్‌సీసీ క్యాంపులో తెల్లారకముందే లేచి బూట్లకు పాలిష్ కొడుతున్నాడు. అమ్మ ఏళ్ల తరబడి వినిపించిన సుప్రభాతానికి కాని పని ఉస్తాద్ గారి ఈల ఒక్కదానికి అయిపోయింది. తిన్న పళ్లెం కూడా తనే కడుక్కుంటున్నాడట! ఫొటో చూసిన నానమ్మ 'ఎవర్రా ఈ బుద్ధిమంతుడు?' అంది.

ఎన్‌సీసీ అంటే 1948లో చట్టం చేసి పెట్టిన సంస్థ. నినాదం ఏకత, అనుశాసనం. పది రోజుల వార్షిక శిబిరంలో ఏకత మొదటి పూటే వచ్చేస్తుంది, పప్పు పలచనైందన్న విషయంలో. అనుశాసనానికే కాస్త టైం పడుతుంది. 'దాయే ముడ్' అనగానే సగం మంది ఎడమకు తిరిగి, మిగతా సగానికి ఎదురుపడి పలకరించుకుంటారు. ఫైరింగ్‌లో పాయింట్ టూటూ రైఫిల్‌తో అయిదు గుండ్లు పేలిస్తే మనవాడి టార్గెట్ మీద చిల్లు లేదు. పక్కవాడి టార్గెట్ మీద మాత్రం ఏడున్నాయి! బీ, సీ సర్టిఫికెట్ పరీక్షలకు క్యాంపు తప్పనిసరి కాబట్టి దేశభక్తి కూడా టైంకే బస్సెక్కుతుంది లెండి.

ముగింపు రోజున ముఖ్య అతిథి గారు సమయపాలన మీద ప్రసంగించడానికి రెండు గంటలు ఆలస్యంగా వేంచేశారు. అప్పటిదాకా పిల్లలు ఎండలో కదలకుండా నిలబడే ఉన్నారు. 'వచ్చే క్యాంపుకి సార్ పేరు కూడా రాయిస్తే పోలా?' అని వెనక వరసలో ఎవడో గొణిగాడు.

గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు పడ్డాయి. వాడికే.