ఖాళీ బస్సును పాస్ చేసిన సారుకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా అధికారి గారికి,

మెదక్ జిల్లా శివ్వంపేట మండలం నుంచి ఒక బడిపిల్లవాడి తండ్రి నమస్కరించి రాయునది.

విషయం: బడి బస్సుల సామర్థ్యాన్ని కాగితం మీద కూడా పెంచవలసిందిగా విన్నపం.

సూచిక: 1) మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 194-ఎ. 2) మా రోడ్ల మీద పొద్దున్నే ఎవరికైనా కనిపించే దృశ్యం.

ఆర్యా,

ముందుగా అభినందనలు. బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15న ముగుస్తుంది. జూన్ 12న బడులు తెరిచేలోగా బస్సులన్నీ మీ ముందు వరుస కట్టాలి. బ్రేకులు పడుతున్నాయా, లైట్లు వెలుగుతున్నాయా, వైపర్లు ఆడుతున్నాయా, మందుల పెట్టె ఉందా, మంటలార్పే సిలిండర్ ఉందా, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా అని చూసి సర్టిఫికెట్ ఇస్తారు. ఏర్పాటు ముచ్చటగా ఉంది. లోటల్లా ఒక్కటే. పరీక్ష రోజున బస్సులో పిల్లలుండరు. వేసవి సెలవులు కదా, అమ్మమ్మగారి ఊళ్లో ఉంటారు.

మీరు పాస్ చేసిన బస్సు వేరు, మా ఊళ్లకు వచ్చే బస్సు వేరు అని నాకు గట్టి అనుమానం. నంబరు ఒకటే, పసుపు రంగు ఒకటే. కానీ ఊరూరా తిరిగి నర్సాపూర్ వైపో తూప్రాన్ వైపో మళ్లేసరికి ఆ బస్సు రూపమే మారిపోతుంది. ముగ్గురి సీటులో ఐదుగురు. నడుమ దారిలో బ్యాగులు, బ్యాగుల మీద పిల్లలు. ఎల్‌కేజీ, యూకేజీ వాళ్లకు డ్రైవరు పక్కన ఇంజిన్ బానెట్టే సింహాసనం. చలికాలంలో వెచ్చగా ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు, మార్చి నెలలో ఏం చెప్పుకోవాలో తోచదు. మీరు తెరిచి చూసిన అత్యవసర ద్వారం ముందు టిఫిన్ బుట్టలుంటాయి. "జర లోపలికి జరుగుండ్రి బేటా" అని క్లీనర్ అరుస్తుంటాడు. లోపల అనే చోటు ఎక్కడుందో పాపం వాడికీ తెలియదు.

అయినా ఒక నిబంధన మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతోందని సంతోషంగా మనవి చేస్తున్నాను. బడి బస్సు గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 1997లోనే సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో చెప్పింది. ఇంత బరువుతో మా బస్సు మిట్ట ఎక్కేటప్పుడు ఆ మాటను ఎన్నడూ జవదాటలేదు. పల్లంలో దిగేటప్పుడు సంగతి వేరు. నిండు బస్సును ఆపడానికి ఎక్కువ దూరం కావాలి, పైగా నిలబడ్డ పిల్లలు బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు తూలుతారు. ఖాళీ బస్సుతో చేసిన బ్రేకు పరీక్ష ఈ సంగతి చెప్పలేదు.

మాది వరి పండించే జిల్లా. కొనుగోలు కేంద్రంలో బస్తా 40 కిలోలు. దాని మీద తరుగు ఎంత, తాలు ఎంత అని కాంటా దగ్గర గంటలకొద్దీ పంచాయితీ నడుస్తుంది. ఎన్ని బస్తాలు ఎక్కాయో రాసుకోకుండా లారీ కదలదు. వడ్లకున్న ఆ మర్యాద పిల్లలకూ కావాలని అడగడం అత్యాశ అవుతుందా?

ఇక జరిమానా లెక్కకు వద్దాం. 2019 సవరణతో వచ్చిన 194-ఎ ప్రకారం, ఆర్సీలో ఉన్న సంఖ్యకు మించి ఎక్కించిన ఒక్కొక్కరికి 200 రూపాయలు. 40 సీట్ల బస్సులో 65 మంది ఎక్కారనుకోండి. అదనం 25 మంది, జరిమానా 5,000. ఆ పాతికమంది తలా నెలకు వెయ్యి కట్టారనుకున్నా 25,000 వచ్చిపడుతుంది. నెలకోసారి దొరికిపోయినా 20,000 మిగులు. ఇంకో బస్సు కొంటే డ్రైవరు జీతం, డీజిలు, బీమా, పన్ను, టైర్లు. యాజమాన్యాలకు మేం లెక్కలు నేర్పనక్కర లేదు. మా పిల్లలకు లెక్కలు నేర్పేది వాళ్లే.

అదే సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది. ఎక్కువైన ప్రయాణికులను దించి, వాళ్లకు మరో వాహనం ఏర్పాటు చేసేదాకా బండి కదలకూడదు. అంటే పాతికమంది పిల్లలను రోడ్డు మీద నిలబెట్టి చలానా చేతిలో పెట్టి పొమ్మనడానికి వీల్లేదు. పొద్దున ఎనిమిదింటికి ఆ రెండో బండి ఎక్కణ్నుంచి రావాలన్నదే చిక్కు. ఆర్టీసీ బస్సు ఎక్కిద్దామంటే అక్కడ పాసులున్న కాలేజీ పిల్లలే ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక అక్కచెల్లెళ్లు ఉచితంగా ప్రయాణిస్తున్నారు, మంచిదే. ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులూ పెరగాలన్నది ఆర్టీసీకి రాయాల్సిన లేఖ.

మా జిల్లాకు బడి బస్సంటే ఒక తేదీ గుర్తుకొస్తుంది. 2014 జూలై 24. తూప్రాన్ బడికి పిల్లలను తీసుకెళ్తున్న బస్సును మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద రైలు ఢీకొట్టింది. దానికి కారణం రద్దీ కాదు, గేటు దగ్గర మనిషి లేకపోవడం. 2019 జనవరి నాటికి దేశంలోని బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేటు లేకుండా చేశారు. రద్దీ ఏం చేయగలదో 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు చెప్పింది. వందమందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి యాభైమందికి పైగా పోయారు. గేటు పాఠం నేర్చుకున్నాం. రద్దీ పాఠం మాత్రం ఇంకా సిలబస్‌లో చేరలేదు.

కాబట్టి నా విన్నపాలు రెండు. మీకు ఏది సులువైతే అది చేయండి.

మొదటిది: ఉన్నదాన్నే చట్టం చేయండి. ఆర్సీలో "సీట్లు 40" కొట్టేసి "ఎందరు పడితే అందరు" అని రాయండి. బానెట్‌ను సీటుగా, ఒళ్లోని బ్యాగును బల్లగా గుర్తించండి. అప్పుడు నేరమూ ఉండదు, జరిమానా ఉండదు, మీకు ఈ లేఖలు చదివే బాధా ఉండదు.

రెండోది: రోడ్డు మీద నిలబడి తలలు లెక్కపెట్టే శ్రమ మానుకోండి. ఈ రద్దీ రోడ్డు మీద పుట్టింది కాదు, జూన్‌లో ఫీజు కౌంటర్ దగ్గర పుట్టింది. ఏ బస్సుకు ఎంతమంది దగ్గర రవాణా ఫీజు తీసుకున్నారో బడి రిజిస్టర్‌లో ఉంటుంది. ఆర్సీలో ఎన్ని సీట్లున్నాయో మీ దగ్గర ఉంటుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే చాలు. రసీదులు సీట్లను మించితే, ఇంకో బస్సు పెడతారో, ఇదే బస్సును రెండు ట్రిప్పులు తిప్పుతారో యాజమాన్యం రాసిచ్చాకే ఫిట్‌నెస్ మీద మీ సంతకం పడాలి. బస్సు వెనక బడి ఫోన్ నంబరు పక్కనే సీట్ల సంఖ్యనూ పెద్దక్షరాల్లో రాయించండి. మిగతా లెక్క ఊరి వాళ్లం మేం చూసుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విద్యార్థి తండ్రి,
శివ్వంపేట మండలం.

నకళ్లు:
1. పాఠశాలల యాజమాన్యాలకు, ఫీజు రిజిస్టర్ పక్కన ఉంచుకొనుటకు.
2. తోటి తల్లిదండ్రులకు, బస్సు ఫీజు కట్టేముందు "మావాడి సీటు నంబరెంత?" అని అడుగుటకు.