ముందు నా అడుగు చూస్తారు

నన్ను కొనడానికి వచ్చినవాళ్లెవరూ ముందు నా ముఖం చూడరు. కోటు విప్పి, టార్చిలైటు పట్టుకుని, నేలమీద వెల్లకిలా పడుకుని నా కిందికి దూరతారు. పెద్దమనుషులకి ఇదేం పని అనిపించేది మొదట్లో.

నేను పుట్టింది అమెరికాలో, కనెక్టికట్‌లో, 1720 ప్రాంతంలో. ఒళ్లంతా మేపుల్ కర్ర. వంటా, తిండీ, పడకా ఒకే గదిలో సర్దుకునే ఇళ్లవి. భోజనాల వేళ నా రెక్కలు రెండూ ఎత్తేవాళ్లు, తిన్నాక దించేసి గోడవైపు జరిపేవాళ్లు. ఎత్తిన రెక్కకి కింద సీతాకోకచిలుక రెక్కలాంటి చెక్క ఒకటి తిరిగొచ్చి ఆనుతుంది. అందుకే మమ్మల్ని బటర్‌ఫ్లై టేబుల్స్ అంటారు.

మహాగని బల్లల మోజు రాగానే నన్ను వంటింట్లోకి తోశారు, అక్కణ్ణించి కొట్టంలోకి. 1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా నూరేళ్ల ఎగ్జిబిషన్ జరిగాక తాతలనాటి సామాన్ల మీద జనానికి మనసు మళ్లింది. 1924లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం మాలాంటివాటికి అమెరికన్ వింగ్ తెరిచింది. వాలెస్ నటింగ్ అని ఒక మాజీ పాస్టరు మా ఫొటోలతో పుస్తకాలు వేశాడు. అంతటితో ఊరుకోక మాకు నకళ్లు కూడా చేయించి అమ్మాడు. ఇక కొనేవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది!

అడుగున వేళ్లతో తడిమితే సన్నటి ఎత్తుపల్లాలు తగులుతాయి. చేత్తో చిత్రిక పట్టిన జాడలవి. పైన నునుపు చేశాడు గానీ, కనపడని చోట వడ్రంగి ఎందుకు కష్టపడతాడు? కుడి రెక్క అడుగున ఆనుడు చెక్క తిరిగి తిరిగి అరగదీసిన వంపు గీత ఒకటుంది. దాన్ని చూస్తే మురిసిపోతారు. తర్వాత టేపు తీస్తారు. చెక్క నార పొడవునా పెద్దగా కదలదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. గుండ్రంగా పుట్టిన నేను కాస్త కోలగా మారాను. మా వయసు చెప్పుకుంటూ ఇప్పటికీ చక్కగా గుండ్రంగా ఉన్నదాన్ని నమ్మకండి.

మొన్నొచ్చినాయన ఎడమ రెక్క దగ్గర ఆగిపోయాడు. దాని అడుగున రంపం గాట్లు వరసగా వంపు తిరిగి ఉన్నాయి. చేతిరంపానికి తిన్నటి గాట్లే పడతాయి. గుండ్రటి రంపం 19వ శతాబ్దంలో గానీ అక్కడ వాడకంలోకి రాలేదు. "ఈ రెక్క తర్వాత వేసింది" అని తేల్చేసి సగం ధరకి బేరం మొదలెట్టాడు. నిజమే, పాతది విరిగితే ఆ ఇంటివాళ్లు వేయించారు. నూట యాభై ఏళ్లుగా పళ్లాలు మోస్తున్నా వీళ్ల లెక్కలో అది ఇంకా కొత్తదే. ఆ రిపేరూ పాతదేగా అంటాడు కొట్టువాడు. బేరం ఇంకా తెగలేదు.