బాబాయ్ చెవి మీటరు

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్నే పాత లారీ ఏదైనా మొరాయిస్తే ముందు వచ్చేది మెకానిక్కు కాదు, బాబాయ్. ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు కాబట్టి అందరికీ బాబాయే. భుజాన తువాలు, చెవి మీద సగం బీడీ, చేతిలో టీ గ్లాసు. స్పానరు మాత్రం పట్టడు. చేతికి గ్రీజు అంటితే గ్లాసు జారిపోతుందట.

"సెల్ఫ్ కొట్టరా అబ్బాయ్!"

లోపల 'టక్'మని ఒక్క చప్పుడు. బాబాయ్ కళ్లు మూసుకుని, తెరిచి, తీర్పిచ్చేస్తాడు. "బ్యాటరీలు పోయాయి."

"కిందటి నెలే కొత్తవి వేశాం బాబాయ్."

"అయితే సెల్ఫ్ మోటారు."

"మొన్ననేగా విప్పి బుష్షులు మార్పించాం!"

"అయితే డైనమో. ఇంకేం మిగిలిందని?"

రోగం దొరికేదాకా సామాన్లు మారుస్తూ పోవడమే ఆయన పద్ధతి. ధైర్యం ఆయనది, డబ్బు ఓనరుది. ఓసారి డీజిల్ లారీకి స్పార్కు ప్లగ్గు చూడమన్నాడు. "డీజిల్ ఇంజనుకి ప్లగ్గు ఉండదు కదా బాబాయ్" అన్నాడు క్లీనరు కుర్రాడు. "అందుకేరా స్టార్టు కావట్లేదు!"

మీటరంటే ఆయనకి పడదు. "బిడ్డ ఎందుకేడుస్తోందో తెలుసుకోడానికి తల్లికి మీటరు కావాలట్రా?" అంటాడు. అయినా ఆ 'టక్'మన్న లారీ దగ్గరికి ఎలక్ట్రీషియన్ కుర్రాడు మల్టీమీటరు తెచ్చాడు. లారీకి 24 వోల్టులు కావాలి కాబట్టి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. నిండా చార్జయి ఉంటే ఒక్కొక్కటీ 12.6 దాకా చూపించాలి. మొదటిది చూపించింది. రెండోది 11.8 దగ్గరే ఆగిపోయింది.

కలిసి పనిచేసే జంటలో ఒకటే ఎందుకు నీరసించింది? కుర్రాడు వంగి చూస్తే, రెండు బ్యాటరీలు కలిసే చోటు నుంచి ఓ సన్నటి వైరు క్యాబిన్‌లోకి పోతోంది. పాటల సెట్టుకి 12 వోల్టులు చాలని అక్కణ్ణించి లాగారు. లారీ అంతా రెండింటి మీదా బతుకుతుంటే పాటలు మాత్రం ఒకదాని మీదే! డైనమో రెండింటికీ ఒకే కరెంటు పంపుతుంది. ఎక్కువ ఖర్చయింది నిండదు, నిండింది అతిగా చార్జయి నీళ్లు పోగొట్టుకుంటుంది. పైగా స్విచ్చులన్నీ ఆపినా ఆ వైరులో కరెంటు పారుతూనే ఉంది.

మందు కూడా చవకే. రెండు బ్యాటరీలనీ విడివిడిగా చార్జి చేయించి, 24ని 12 చేసే కన్వర్టరు పెట్టి, పనిలో పనిగా తుప్పు పట్టి కనిపించిన ఎర్త్ టెర్మినల్ కూడా గీకి బిగించాలి.

"ఇంతకీ ఈ వైరు ఇక్కణ్ణించి లాగమన్నదెవరు?" అడిగాడు కుర్రాడు. డ్రైవరు మాట్లాడకుండా బాబాయ్ వంక చూశాడు.

బాబాయ్ టీ ఆఖరి గుక్క తాగి తువాలుతో మూతి తుడుచుకున్నాడు. "ముందే చెప్పానా లేదా, బ్యాటరీయేనని!"

మీ వీధిలోనూ ఇలాంటి బాబాయ్ ఉండే ఉంటాడు. కసురుకోకండి. బండి తొయ్యాల్సి వస్తే పదిమందిని కేకేసి పోగుచేసేది ఆయనే. ఓ టీ ఇప్పించండి. ఆయన అది తాగేలోపు మీటరు పెట్టించేయండి.