నీడ పట్టున సైకిలు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరులో ప్రారంభం. నెత్తిన సోలార్ పలకల కప్పు. సైకిలుకు నీడ, సర్కారుకు 16 మెగావాట్ల కరెంటు.

సైకిలుకు కప్పు పడింది. సిటీలో చాలా బస్టాపుల్లో మాత్రం మనిషికి ఇప్పటికీ చేతిలోని ఫైలే గొడుగు.

ఇంతకీ ఆ ట్రాక్ దాకా సైకిలు వెళ్లేదెలా? మెహదీపట్నంలో తొక్కడం మొదలెడితే టోలిచౌకి దగ్గరే ఆయుష్షు తీరిపోతుంది. అందుకే ఆదివారం తెల్లారకముందే సైకిళ్లు కార్లెక్కి వస్తాయి. డిక్కీకి కట్టిన సైకిలు, స్టీరింగ్ ముందు హెల్మెట్ పెట్టుకున్న దొరగారు. పది కిలోమీటర్లు తొక్కి, ఇరవై కిలోమీటర్లు డ్రైవింగ్. కరిగిన కొవ్వు కన్నా కాలిన పెట్రోలే ఎక్కువ!

పాలక్యాన్ల సైకిలుది, తాపీ మేస్త్రీ సైకిలుది పాత దారే. ఎడమన మురుగు, కుడిన లారీ. మరి వాళ్లు తొక్కేది వ్యాయామానికి కాదాయె, పొట్టకూటికి. ఆ పద్దు కింద నిధులుండవు.

కాబట్టి సైకిల్ తొక్కాలని ముచ్చటపడే ప్రజలకు మనవి: ముందు ఓ కారు కొనుక్కోండి.